అమ్మానాన్నల అండ లేకుండా అమెరికాలో పక్క రాష్ట్రం యూనివర్సిటీలో చదవాలంటే: డబ్బు లెక్క మొదటి నుంచీ

మెడికల్ సీటు కోసం ప్రయత్నించిన ప్రతి తెలుగింట్లో లోకల్, నాన్‌లోకల్ అన్న మాటలు నలిగే ఉంటాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల దగ్గర్నుంచి, పిల్లలు ఏ ఊళ్లో ఎన్నేళ్లు చదివారన్నది మనకు పెద్ద విషయమే. అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీల్లోనూ ఈ స్థానికత ఉంది. కాకపోతే అక్కడ దాని దెబ్బ ఎక్కువగా ఫీజు మీద పడుతుంది. అదే క్లాసులో, అదే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు కట్టేదానికి రెండో వాళ్లు మూడింతలు కట్టే చోట్లున్నాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 2025-26లో కొత్తగా చేరిన బయటి రాష్ట్రాల విద్యార్థుల దగ్గర, మామూలు ఫీజు కాక, ఏడాదికి 37,602 డాలర్లు అదనంగా తీసుకుంది.

నేను కొన్నేళ్లుగా ఇక్కడి విద్యార్థుల పక్కన కూర్చుని ఆర్థిక సహాయం ఫారాలు నింపిస్తున్నాను. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన అమ్మాయి, తల్లిదండ్రులు ఇండియాకు తిరిగి వెళ్లిపోతే గ్రీన్‌కార్డుతో ఒక్కడే మిగిలిన అబ్బాయి, ఇరవై ఆరేళ్లకు మళ్లీ చదువు మొదలుపెట్టినవాళ్లు. దాదాపు అందరూ స్కాలర్‌షిప్‌లు వెతకడంతోనే మొదలుపెడతారు. నేను మాత్రం ముందు ఫీజు రేటు మార్చుకునే దారి చూడమంటాను. మిగిలిన లోటుకు డబ్బు వెతకడం ఆ తర్వాతి పని. ఎందుకో రెండో అడుగులో లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇది పౌరసత్వం, గ్రీన్‌కార్డు, శరణార్థి హోదా వంటివి ఉన్నవాళ్ల కోసం రాసింది. ఎఫ్-1 (విద్యార్థి), హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబం) వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ, సహాయం రాదు. వాళ్లు మూడో అడుగులోని కాలేజీ సొంత స్కాలర్‌షిప్‌ల దారి మాత్రం చూడొచ్చు.

మొదటి అడుగు: మీరు నిజంగా "ఇండిపెండెంట్" అవునా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నా అద్దె నేనే కట్టుకుంటున్నాను, నాన్న పైసా ఇవ్వడు, కాబట్టి నేను ఇండిపెండెంట్ అనుకుంటారు. ఫెడరల్ సహాయానికి నింపే ఫాఫ్సా ఫారం అలా చూడదు. తల్లిదండ్రులు ఇవ్వనన్నా, వేరే ఇంట్లో ఉంటున్నా, వాళ్లు ఇండియాలో ఉన్నా మీరు ఇండిపెండెంట్ అయిపోరు. ఈ కింది వాటిలో ఒక్కటైనా మీకు వర్తించాలి.

మీకు 24 ఏళ్లు నిండి ఉండాలి. 2026-27 ఫారానికైతే 2003 జనవరి 1 కంటే ముందు పుట్టి ఉండాలి. లేదా పెళ్లయి ఉండాలి. అప్పుడు మీ భర్త లేదా భార్య ఆదాయమూ లెక్కలోకి వస్తుంది. లేదా మీ మీద ఆధారపడి, సగానికి మించి మీ ఖర్చుతోనే బతికే పిల్లలో ఇతరులో ఉండాలి. సైన్యంలో పనిచేసినవాళ్లు, 13 ఏళ్లు నిండాక ఎప్పుడైనా అనాథలుగానో ఫాస్టర్ కేర్‌లోనో (ప్రభుత్వం వేరే కుటుంబానికి అప్పగించిన సంరక్షణ) కోర్టు సంరక్షణలోనో ఉన్నవాళ్లు, కోర్టు ద్వారా వేరే సంరక్షకుల కింద ఉన్నవాళ్లు, మైనరుగా ఉండగానే కోర్టు స్వతంత్రులుగా ప్రకటించినవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. మాస్టర్స్ చదివేవాళ్లు ఎలాగూ ఇండిపెండెంట్లే.

వీటిలో ఏదీ లేకపోతే రెండు తలుపులున్నాయి. చాలామంది పిల్లలకు ఇవి ఉన్నాయనే తెలియదు.

ఒకటి, ఇల్లు లేని పరిస్థితి. ఇల్లు లేకపోవడం అంటే ఫుట్‌పాత్ మీద పడుకోవడం ఒక్కటే కాదు. ఇంట్లోంచి బయటికి రావాల్సి వచ్చి, వేరే గతిలేక ఫ్రెండ్స్ ఇళ్లలో సోఫాల మీద రోజులు గడుపుతున్నా అది చట్టం ప్రకారం ఇల్లు లేకపోవడమే. మీ హైస్కూల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక అధికారి ఉంటారు. ఆయన గానీ, షెల్టర్ నడిపేవాళ్లు గానీ, కాలేజీ ఆర్థిక సహాయం ఆఫీసు గానీ ఈ పరిస్థితిని ధ్రువీకరించవచ్చు.

రెండోది, అసాధారణ పరిస్థితులు. కొట్టడం, హింసించడం, వదిలేసి వెళ్లిపోవడం, తల్లిదండ్రులు జైల్లో ఉండటం, వాళ్లతో సంబంధాలు పూర్తిగా తెగిపోవడం వంటివి. ఫాఫ్సాలో దీని గురించి నేరుగా ఒక ప్రశ్న ఉంటుంది. అవును అని రాస్తే తల్లిదండ్రుల వివరాలు లేకుండానే ఫారం ముందుకు వెళుతుంది, మీకు తాత్కాలికంగా ఇండిపెండెంట్ హోదా వస్తుంది. ఆ తర్వాత కాలేజీ ఆఫీసు రుజువులు అడుగుతుంది. టీచరు, కౌన్సెలరు, డాక్టరు, సోషల్ వర్కరు, గుడి పెద్దలు లేదా పాస్టరు రాసిన ఉత్తరాలు పనికొస్తాయి. బంధువుల కంటే బయటివాళ్ల ఉత్తరానికి బరువెక్కువ. ఒకసారి ఒప్పుకున్నాక, మీ పరిస్థితి మారనంత వరకు అదే కాలేజీ ఏటా కొనసాగించాలి.

ఈ ఉత్తరాలు అడగడం మన పిల్లలకు ప్రాణసంకటం. ఇంటి పరువు అన్న మాట నోరు నొక్కేస్తుంది. ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఇలాంటి కథలు ప్రతి వారం వింటారు, ఆ కాగితాలను గోప్యంగా ఉంచుతారు. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు అన్నది ఒక పేజీలో తేదీలతో రాసి ఇవ్వండి, అంతే చాలు. మీ తప్పేమీ లేనప్పుడు సిగ్గుపడాల్సిన పనిలేదు.

పరిస్థితి అంత దారుణంగా ఏమీ లేదు, అమ్మానాన్న ఫారంలో సంతకం పెట్టం అంటున్నారంతే అయితే, కాలేజీ ఒప్పుకున్న చోట మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా వడ్డీ రాయితీ లేని లోన్ మాత్రమే దొరుకుతుంది. ఉచితంగా వచ్చే, తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం అయిన పెల్ గ్రాంటు రాదు. వాళ్లు భయపడుతున్నది తమ కాగితాల గురించే అయితే ఒక మాట చెప్పండి: సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులు కూడా స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్‌లో ఖాతా తెరవొచ్చు. అందులో సంతకం పెట్టినంత మాత్రాన ఫీజు కడతామని వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు.

రెండో అడుగు: ఫెడరల్ డబ్బు ఎంత వరకు వస్తుంది

ఫాఫ్సా మామూలుగా అక్టోబరు 1న మొదలవుతుంది. రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తుంది కాబట్టి 2026-27కి 2024 నాటి పన్ను రిటర్ను కావాలి. ఒంటరిగా ఉంటున్న ఇండిపెండెంట్ విద్యార్థి ఆదాయం పేదరిక రేఖకు 175 శాతం లోపు ఉంటే పూర్తి పెల్ గ్రాంటు వస్తుంది. 2024 రేఖ ఒక్క మనిషికి 15,060 డాలర్లు. దాని ప్రకారం 26,355 లోపు. ఒంటరి తల్లికీ తండ్రికీ ఈ హద్దు 225 శాతం. పూర్తి పెల్ అంటే ఏడాదికి 7,395 డాలర్లు. 2023-24 నుంచి ఇది పెరగలేదు. మొత్తం చదువుకు 12 సెమిస్టర్ల దాకానే వస్తుంది.

దీనికి తోడు కాలేజీ చేతిలో ఉండే ఇంకో ఫెడరల్ గ్రాంటు ఏడాదికి 100 నుంచి 4,000 దాకా ఉంటుంది. అది ముందు వచ్చినవాళ్లకే అందుతుంది, కాబట్టి ఫాఫ్సా అక్టోబరులోనే నింపండి. ఫాస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లకు చేఫీ వోచరు పేరుతో ఏడాదికి 5,000 దాకా వేరే సహాయం ఉంది. ఇక లోన్లు: ఇండిపెండెంట్ డిగ్రీ విద్యార్థికి మొదటి ఏడాది 9,500, రెండో ఏడాది 10,500, ఆపైన 12,500. మొత్తం కలిపి 57,500 దాటకూడదు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. యూనివర్సిటీలో లోకల్ ఫీజు 10,000, నాన్‌లోకల్ ఫీజు 36,000, ఇల్లూ తిండీ పుస్తకాలూ కలిపి 16,000 అనుకుందాం. నాన్‌లోకల్‌గా చేరితే ఏడాదికి 52,000. పెల్, మొదటి ఏడాది లోన్ కలిపితే 16,895. ఇంకా 35,105 డాలర్లు కావాలి, అదీ కాస్త అటూ ఇటుగా నాలుగేళ్లూ. వారానికి 20 గంటలు, గంటకు 15 డాలర్ల పని ఏడాదిలో 40 వారాలు చేసినా వచ్చేది పన్నులకు ముందు 12,000. అదే యూనివర్సిటీలో లోకల్‌గా చేరితే ఖర్చు 26,000, లోటు 9,105. ఇది ఆ పని డబ్బుతో పూడుతుంది.

పెల్ గ్రాంటుకు రాష్ట్రం గీత పట్టదు, మీరు ఎక్కడ చదివినా అదే 7,395. నాన్‌లోకల్ అయినందుకు ఒక్క డాలరు కూడా పెరగదు. పైగా రాష్ట్రాలిచ్చే గ్రాంట్లు చాలావరకు ఆ రాష్ట్రం వాళ్లకు, ఆ రాష్ట్రం కాలేజీల్లోనే చెల్లుతాయి. రెండు ఫీజుల మధ్య ఉన్న ఆ 26,000 తేడాను చిన్నచిన్న బయటి స్కాలర్‌షిప్‌లతో ఏటా పూడ్చిన విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు. ప్రైవేటు బ్యాంకు లోన్‌తో పూడ్చుదామంటే హామీదారు సంతకం అడుగుతారు, అండలేని పిల్లలకు అది ఎవరు పెడతారు? పెట్టేవాళ్లు దొరికినా నాలుగేళ్లలో లక్ష దాటే ఆ అప్పు దయచేసి చేయకండి.

మూడో అడుగు: ఫీజు రేటు మార్చుకునే దారులు

ముందు వెళ్లి స్థిరపడటం. ఇండిపెండెంట్ విద్యార్థికి ఉన్న అసలైన బలం ఇదే. తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ పిల్లల స్థానికత తల్లిదండ్రుల ఊరిని బట్టి ఉంటుంది. మీ స్థానికత మీ చేతిలో ఉంది. చాలా రాష్ట్రాలు 12 నెలల నివాసం అడుగుతాయి. కానీ చదువు కోసమే వచ్చి ఆ 12 నెలలు క్లాసుల్లో కూర్చుంటే ఎక్కువ చోట్ల అది లెక్కకు రాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో టర్ముకు ఆరు క్రెడిట్లు దాటి చదివితే చదువు కోసమే వచ్చారని భావిస్తారు. అందుకే ఆ ఏడాది ఫుల్‌టైం ఉద్యోగం చేయండి, చదివితే ఒకటో రెండో క్లాసులు చాలు. యూటా, మిస్సోరి వంటి కొన్ని చోట్ల మాత్రం చదువుకుంటూనే, షరతులు పాటిస్తే, మొదటి ఏడాది తర్వాత లోకల్‌గా మారే వీలుంది.

ఫాఫ్సాలో ఇండిపెండెంట్ అయినంత మాత్రాన రాష్ట్రం కూడా అలాగే చూస్తుందని అనుకోవద్దు. రాష్ట్రానికి వేరే నిర్వచనం, వేరే వయసు, వేరే రుజువులు ఉంటాయి. యూనివర్సిటీ రిజిస్ట్రార్ వెబ్‌సైటులో రెసిడెన్సీ (స్థానికత) పేజీ తెరిచి, అక్కడ అడిగిన కాగితాల జాబితా ప్రింటు తీసుకోండి. కొత్త రాష్ట్రంలో దిగిన మొదటి నెలలోనే మీ పేరు మీద లీజు, డ్రైవింగ్ లైసెన్సు, కారుంటే దాని రిజిస్ట్రేషను పూర్తవ్వాలి. జీతం రసీదులు దాచండి. పన్ను రిటర్ను ఆ రాష్ట్రం నివాసిగా వేయండి. ఇంట్లోవాళ్లు తమ పన్నుల్లో మిమ్మల్ని ఆధారితులుగా చూపకుండా చూసుకోండి. ఆ ఒక్క పని వల్ల దరఖాస్తు తిరస్కరించిన సందర్భాలు ఉంటాయి.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. రెసిడెన్సీ రుజువుల జాబితాల్లో ఓటరు నమోదు అని కనిపిస్తుంది. లైసెన్సు ఆఫీసులో కూడా ఓటు నమోదు చేయమంటారా అని అడుగుతారు. అది పౌరులకు మాత్రమే. పొరపాటున కూడా అవును అనకండి, దేశం నుంచి పంపేసేంత ప్రమాదం అది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు 2026లో బాగా సంపాదిస్తే ఆ ఆదాయం 2028-29 ఫాఫ్సాలో కనపడి పెల్ తగ్గొచ్చు. అప్పటికి మీరు ఉద్యోగం మానేసి చదువుతుంటారు. అలాంటప్పుడు ఇప్పటి జీతం రసీదులు పెట్టి, ఆదాయం తగ్గింది, మళ్లీ లెక్కించండి అని ఆర్థిక సహాయం ఆఫీసును అడగండి. అలా మార్చే అధికారం వాళ్లకు చట్టమే ఇచ్చింది. మీ అంతట మీరు అడగకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

రాష్ట్రాల మధ్య ఒప్పందాలు. పశ్చిమ రాష్ట్రాల మధ్య వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్ ఉంది. దాన్ని వూయీ అంటారు. కాలిఫోర్నియా, అరిజోనా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల పిల్లలకు ఈ ఒప్పందంలో ఉన్న పక్క రాష్ట్రం యూనివర్సిటీల్లో లోకల్ ఫీజుకు ఒకటిన్నర రెట్లు మించకుండా తీసుకుంటారు. మన లెక్కలో 36,000 కాస్తా 15,000 అవుతుంది. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోనూ ఇలాంటి పథకమే ఉంది. దక్షిణాది రాష్ట్రాల అకడమిక్ కామన్ మార్కెట్, న్యూ ఇంగ్లండ్ పథకం వేరే తరహావి: మీ రాష్ట్రంలో లేని కోర్సు అక్కడ ఉంటేనే తగ్గింపు. టెక్సస్ ఈ దక్షిణాది పథకంలో మాస్టర్స్, ఆపై చదువుల వరకే ఉంది, అక్కడి మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. సీట్లు పరిమితం, కొన్ని కోర్సులకు వర్తించదు, కొన్ని కాలేజీల్లో విడిగా దరఖాస్తు పెట్టాలి. వూయీ రేటు మీద చదివిన కాలాన్ని చాలా చోట్ల స్థానికతకు లెక్కవేయరు కూడా. అందుకే ఈ దారో, ముందు వెళ్లి స్థిరపడే దారో ఒకటే ఎంచుకోవడం మంచిది.

చిన్న స్కాలర్‌షిప్‌తో పెద్ద తగ్గింపు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే, బయటి రాష్ట్రం విద్యార్థికి కూడా లోకల్ ఫీజు వేసే వీలుంది. ఆ వెయ్యి డాలర్ల విలువ ఏటా వేలల్లో ఉంటుంది. అందరికీ ఇవ్వరు కాబట్టి, ఈ స్కాలర్‌షిప్‌తో నాన్‌లోకల్ ఫీజు మాఫీ అవుతుందా అని డిపార్ట్‌మెంటును నేరుగా అడగండి. యూనివర్సిటీ ఆఫ్ మెయిన్ ఇంకో పద్ధతి పెట్టింది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల నుంచి మంచి మార్కులతో వచ్చినవాళ్లకు, వాళ్ల సొంత రాష్ట్రంలోని ప్రధాన యూనివర్సిటీ ఫీజుతో సమానంగా తగ్గిస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు పిల్లలు దీన్ని ఒకసారి చూడాలి.

గీత పట్టించుకోని కాలేజీలు. యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా వంటి కొద్ది ప్రభుత్వ యూనివర్సిటీలు బయటి రాష్ట్రాల వాళ్లకు కూడా లెక్కగట్టిన అవసరం మొత్తానికి సహాయం ఇస్తాయి. ప్రైవేటు కాలేజీలకు స్థానికత అన్నదే లేదు. కెంటకీలోని బెరియా కాలేజీ 1892 నుంచి ఫీజు తీసుకోవడం లేదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో పనిచేయాలి. మామూలు కాలేజీ వయసు దాటాక చదివే స్త్రీలకు స్మిత్ కాలేజీలో ఏడా కామ్‌స్టాక్, మౌంట్ హోల్యోక్‌లో ఫ్రాన్సెస్ పర్కిన్స్ అని ప్రత్యేక ప్రవేశాలున్నాయి. కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల స్థానిక కాలేజీ) బాగా చదివి నాలుగేళ్ల కాలేజీకి మారేవాళ్లకు జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 55,000 డాలర్ల దాకా ఇస్తుంది. పోటీ తీవ్రమే, కానీ బయటి స్కాలర్‌షిప్‌లలో నిజంగా లోటు పూడ్చగలిగింది ఇలాంటిదే. ఒక జాగ్రత్త: ఈ కాలేజీల్లో చాలావరకు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడుగుతాయి. ఫెడరల్ లెక్కలో మీరు ఇండిపెండెంటే అయినా, తమ సొంత డబ్బు ఇవ్వడానికి కొన్ని కాలేజీలు తల్లిదండ్రుల వివరాలు కావాలంటాయి. దరఖాస్తుకు ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

నాలుగో అడుగు: సహాయం ఉత్తరం చదవడం

సీటు వచ్చాక కాలేజీ ఒక ఉత్తరం పంపుతుంది. పైన అభినందనలు, కింద పెద్ద అంకె. ఆ అంకెలో లోన్లు కూడా కలిపే ఉంటాయి. పెన్ను తీసుకుని లోన్లు కొట్టేయండి, వర్క్ స్టడీ (విద్యార్థులకిచ్చే పార్ట్‌టైం ఉద్యోగ పథకం) కూడా కొట్టేయండి, ఎందుకంటే అది మీరు పని దొరికించుకుని, చేశాక వచ్చే జీతం. మిగిలిన గ్రాంట్లను మొత్తం ఖర్చులోంచి తీసేస్తే వచ్చేదే మీ అసలు ధర. ఆ తర్వాత ఆఫీసును మూడు ప్రశ్నలు అడగండి: ఈ గ్రాంటు నాలుగేళ్లూ వస్తుందా? ఎన్ని మార్కులు తగ్గితే పోతుంది? బయటి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే మీరిచ్చేది తగ్గిస్తారా?

లోటు ఇంకా ఉంటే అప్పీలు చేయండి. వేరే కాలేజీ ఎక్కువ ఇచ్చి ఉంటే ఆ ఉత్తరం జతచేయండి. పిల్లల సంరక్షణ, వైద్యం వంటి ఖర్చులుంటే రసీదులు పెట్టండి. అప్పటికీ పూడకపోతే ఆ సీటు వదులుకోవడం కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. అయినా వదులుకోమనే చెబుతాను.

ఐదో అడుగు: చేరే ముందు నెలలు, చేరాక

అసలు టెన్షన్ పెట్టేవి చిన్న మొత్తాలే. దరఖాస్తు ఫీజుకు మినహాయింపు అడగండి, చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లోనే ఆ వీలుంది. సీటు ఖాయం చేసుకునే డిపాజిట్‌కూ చాలా చోట్ల మినహాయింపు ఇస్తారు. సహాయం డబ్బు సెమిస్టర్ మొదలయ్యే రోజుల్లో గానీ చేతికి రాదు, కాబట్టి కొత్త ఊళ్లో మొదటి నెల అద్దె, అడ్వాన్సు, బస్సు ఖర్చులకు ముందే కొంత దాచుకోవాలి. పెల్ వచ్చేవాళ్లకు మొదటి వారంలోనే పుస్తకాలు కొనుక్కునే ఏర్పాటు కాలేజీ చేయాలి, అది ఎలాగో కనుక్కోండి. క్రిస్మస్ సెలవుల్లో, వేసవిలో హాస్టల్ మూసేస్తారా అన్నది తప్పక అడగండి. వెళ్లడానికి ఇల్లున్న పిల్లలకు ఇది చిన్న విషయమే. మీకు అలా కాదు.

మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) రాష్ట్రం మారితే వెంట రాదు, కొత్త రాష్ట్రంలో మళ్లీ పెట్టుకోవాలి. అక్కడ వస్తే కాలేజీ బిల్లులో కలిపేసే ఆరోగ్య బీమాను రద్దు చేయించుకోవచ్చు. దాని గడువు సెమిస్టర్ మొదట్లోనే ముగుస్తుంది. వారానికి సగటున 20 గంటలు పనిచేస్తున్నా, వర్క్ స్టడీ వచ్చినా తిండికి స్నాప్ సాయం అడగొచ్చు. ఆదాయం షరతులు వేరే ఉంటాయి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తమకు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

సెమిస్టర్‌లో 60 శాతం రోజులు గడవకముందే పూర్తిగా మానేస్తే సహాయంలో కొంత తిరిగి కట్టాల్సి వస్తుంది. ఒంట్లో బాగోలేకపోయినా, పని ఎక్కువైనా, క్లాసు వదిలే ముందు ఆర్థిక సహాయం ఆఫీసుకు వెళ్లి ఆ రోజు మానేస్తే ఎంత కట్టాలో అడగండి. 2026 జులై నుంచి ఫుల్‌టైం కంటే తక్కువ చదివితే లోన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. పన్నులు వేసేటప్పుడు చదువు ఖర్చుల మీద వచ్చే పన్ను తగ్గింపు, అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్, చూసుకోండి, ఏడాదికి 2,500 దాకా ఉంటుంది. 24 ఏళ్లు దాటిన చాలామందికి, కట్టిన పన్ను లేకపోయినా అందులో 1,000 దాకా చేతికొస్తుంది.

నాన్‌లోకల్‌గా చేరి తర్వాత మారాలనుకున్నవాళ్లు క్యాలెండరులో ఇప్పుడే ఒక తేదీ రాసుకోండి: రెసిడెన్సీ మార్పు దరఖాస్తుకు ఆఖరి రోజు. సెమిస్టర్ మొదలైన కొద్ది రోజులకే అది దాటిపోయే చోట్లు ఉన్నాయి. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ సెమిస్టరంతా పాత ఫీజే. లీజు, రసీదులు, పన్ను కాగితాలు అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని ఆ తేదీకి నెల ముందే ఆఫీసుకు వెళ్లండి. ఏదైనా కాగితం తక్కువైతే తెచ్చుకోవడానికి అప్పుడే సమయం ఉంటుంది.